తవ్విన రాయి బయటికి రావాలి

సముద్రం మీద పొడవాటి బావి తవ్వేటప్పుడు అందరి ధ్యాసా రాయి కోసే బిట్ మీదే ఉంటుంది. ఎంత దూరం వెళ్లింది, గంటకు ఎన్ని మీటర్లు కోస్తోంది, చమురు పొరలోనే ఉందా, జారిపోయిందా? పొద్దున్న ఆరింటి మీటింగులో ముందు వచ్చే ప్రశ్నలివే. నేను మడ్ ఇంజనీర్ని. బావిలోకి పంపు చేస్తే, కోసిన రాయిని పైకి మోసుకొచ్చే ద్రవమే మడ్. నా కాపలా రెండో కొస దగ్గర. బిట్ కోసిన రాయి పైకొస్తోందా, ఎంత వస్తోంది, ఏ రూపంలో వస్తోంది అని చూడటమే నా ఉద్యోగం. పొడవాటి బావి పాడైందంటే ఆ చెడుపు చాలాసార్లు మొదలయ్యేది బిట్‌కీ రిగ్‌కీ మధ్యనున్న కిలోమీటర్ల దారిలోనే అని నా గట్టి నమ్మకం. దాని జాడ అన్నిటికంటే ముందు షేల్ షేకర్ల మీద, అంటే మడ్‌లోంచి రాయిని వేరుచేసే జల్లెడల మీద, కనిపిస్తుంది.

బావి నేరుగా కిందికే దిగాలన్న నియమం లేదు. కొంత లోతు దిగాక వంచి, దాదాపు పడుకోబెట్టి, కిలోమీటర్ల కొద్దీ పక్కకు తీసుకెళ్లొచ్చు. పక్కకు వెళ్లిన దూరం నిలువు లోతుకు రెండింతలు దాటితే దాన్ని ఎక్స్‌టెండెడ్ రీచ్ బావి అంటాం. సముద్రంలో ప్లాట్‌ఫారం నిలబెట్టడం, దానికి పైపులైన్లు వేయడం ఎంత ఖర్చో తెలిసినవాళ్లకు ఈ బావుల విలువ వేరే చెప్పక్కర్లేదు. దక్షిణ ఇంగ్లండ్‌లో డోర్సెట్ తీరాన విచ్ ఫార్మ్ అనే ఫీల్డ్ ఉంది. అందులో కొంత చమురు పూల్ బే నీళ్ల కింద ఉండిపోయింది. దాన్ని అందుకోవడానికి మొదట సముద్రంలో కృత్రిమ ద్వీపం కట్టాలనుకున్నారు. తర్వాత ఆ ఆలోచన మాని, ఒడ్డు మీదే రిగ్ పెట్టి సముద్రం అడుగు కిందికి పక్కగా తవ్వారు. 1998లో అక్కడి ఎం-11 బావి పక్కకు 10 కిలోమీటర్లు దాటింది. మరుసటి ఏడు ఎం-16 దాదాపు 10.7 కిలోమీటర్లు వెళ్లింది. దాని నిలువు లోతు చూస్తే 1,600 మీటర్ల పైచిలుకే. 2008లో ఖతార్‌లోని అల్ షాహీన్ ఫీల్డ్‌లో ఒక జాక్-అప్ రిగ్ మొత్తం 12,289 మీటర్ల పొడవైన బావి తవ్వింది. 2017లో సఖాలిన్ దగ్గర ఓర్లాన్ ప్లాట్‌ఫారం నుంచి 15,000 మీటర్లు, 2022లో అబూ ధాబీ వారి అప్పర్ జకుమ్‌లో 15,240 మీటర్లు తవ్వారు. అప్పర్ జకుమ్‌లో నీళ్ల లోతు తక్కువ. అందుకని అక్కడ నాలుగు కృత్రిమ ద్వీపాలు కట్టి, వాటి మీద నుంచి నలువైపులా ఇలాంటి బావులు తవ్వుతున్నారు.

ఈ అంకెలు విన్నవాళ్లు రిగ్ బలాన్నీ బిట్ పదునునూ మెచ్చుకుంటారు. నాకైతే అంత పొడుగు రంధ్రంలోంచి రాయినంతా బయటికి తెచ్చినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

ఎందుకో చెబుతాను. నిలువు బావిలో రాతి ముక్క కిందికి జారాలంటే ఎదురుగా పైకొస్తున్న మడ్‌ని దాటుకుని వందల మీటర్లు పడాలి. మడ్ వేగం సరిపడా ఉంటే అది పైకి రాక తప్పదు. బావి వంగేకొద్దీ ఈ లెక్క మారిపోతుంది. అరవై డిగ్రీలు దాటి పడుకున్న బావిలో రాతి ముక్క నాలుగు అంగుళాలు పడితే చాలు, కింది గోడకు చేరిపోతుంది. డ్రిల్ పైపు కూడా సొంత బరువుతో ఆ కింది గోడ మీదే పడుకుని ఉంటుంది. పంపు తోసే మడ్ ఖాళీ ఎక్కువున్న పై భాగంలోంచి పరుగెత్తుతుంది తప్ప పైపు కింద దాదాపు కదలదు. కోనసీమ పంట కాలువల్లో ఒండ్రు పేరుకున్నట్టు అక్కడ రాయి మేట వేస్తుంది. ముప్పై నుంచి అరవై డిగ్రీల మధ్య ఇంకో బాధ ఉంది. పంపు ఆపగానే ఆ మేట మొత్తం జారి, కిందనున్న పైపు చుట్టూ కూరుకుపోతుంది.

మేటను కదిలించేది మడ్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. పైపు తిరగాలి. తిరిగే పైపు కింది మడ్‌ని తనతో ఈడ్చుకెళ్లి, రాతి ముక్కల్ని పైకి, పరుగెత్తే మడ్‌లోకి ఎగదోస్తుంది. నిమిషానికి 120 చుట్లు దాటితే ఫలితం బాగా కనిపిస్తుంది. అరవై డెబ్భై చుట్లతో ఎంత సేపు పంపు చేసినా మేట పెద్దగా కరగదు. బిట్ వెనక మోటారు పెట్టి బావిని మలుపు తిప్పే రోజుల్లో, దిశ మార్చాల్సి వచ్చినప్పుడల్లా పైపు తిప్పడం ఆపి ముందుకు జరపాల్సి వచ్చేది. ఆ కాసేపట్లో మేట పెరిగేది. 1990ల చివర్లో వచ్చిన రోటరీ స్టీరబుల్ పరికరాలు, పైపు తిరుగుతుండగానే దిశ మార్చనిచ్చి మా పనికి ఎంతో మేలు చేశాయి.

ఇక ఒరిపిడి. బావి బాగా పడుకున్నాక పైపు తన బరువుతో తాను ముందుకు జారదు. ఒరిపిడి గుణకం 0.25 అనుకుంటే, నిలువు నుంచి 76 డిగ్రీలు దాటాక పైపుని వెనక నుంచి తొయ్యాల్సిందే. మరీ తోస్తే పైపు రంధ్రంలో పాములా వంకర్లు తిరుగుతుంది, ఇంకా తోస్తే స్ప్రింగులా చుట్టుకుని గోడకు బిగుసుకుంటుంది. ఆ తర్వాత పైన ఎంత బరువు వేసినా బిట్‌కి చేరదు. మేట పెరిగిన బావిలో ఈ ఒరిపిడి ఇంకా పెరుగుతుంది. అందుకే మేము ప్రతి స్టాండ్‌కీ, అంటే ఒకేసారి కలిపే పైపుల వరసకీ, మూడు బరువులు రాసుకుంటాం: పైకి లాగేటప్పుడు ఎంత, కిందికి దించేటప్పుడు ఎంత, ఎటూ కదపకుండా తిప్పేటప్పుడు ఎంత. వేర్వేరు ఒరిపిడి గుణకాలకు ముందే లెక్కేసి గీసుకున్న గీతల మీద ఆ చుక్కలు పెడతాం. చుక్కలు గీతను పట్టుకుని నడిస్తే బావి బాగుంది. గీత వదిలి పక్క గీత వైపు నడిస్తే లోపల ఏదో పోగవుతోంది.

గల్ఫ్‌లో ఒక ఫీల్డ్‌లో జరిగింది చెబుతాను. పన్నెండుంపావు అంగుళాల సెక్షన్, కోణం 80 డిగ్రీలు, బావి పొడుగు ఆరు కిలోమీటర్లు దాటింది. ఆయిల్ బేస్డ్ మడ్. రాత్రి షిఫ్టు. బిట్ గంటకు 30 మీటర్లు కోస్తోంది. ఆ సైజు రంధ్రంలో అంత వేగమంటే గంటకు రెండుంపావు ఘనపు మీటర్ల రాయి, అంటే అయిదున్నర టన్నులకు పైనే, షేకర్ల మీద పడాలి. షేకర్ల దగ్గర ముమ్మిడివరం కుర్రాడొకడు ఉండేవాడు. చదువు పదో తరగతి. చూపు మాత్రం గొప్పది. నేను ల్యాబ్‌లో విస్కోమీటర్ రీడింగులు తీసుకుంటుంటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, రాయి తగ్గిందండి."

"డ్రిల్లింగ్ ఆపారా?"

"లేదండి, నడుస్తానే ఉంది. స్క్రీన్లు చిరిగాయేమోనని అన్నీ చూశానండి. బాగానే ఉన్నాయి. మూడో షేకర్ మీదైతే పల్చగా వస్తాంది."

"ఎంతసేపటి నుంచి?"

"టీ తాగక ముందు నుంచండి. ఒకసారి వచ్చి చూడండి."

ఇద్దరం వెళ్లి ఒక్కో షేకర్ కింద బకెట్ పెట్టి, నిమిషం పాటు పట్టి తూచాం. లెక్క ప్రకారం రావాల్సిన దాంట్లో సగానికి కాస్త పైన వస్తోంది. మిగిలింది లోపలే ఉంది. నేను పిడికెడు రాయి తీసుకుని బేస్ ఆయిల్‌తో కడిగి దీపం కింద పరిచాను. బిట్ అప్పుడే కోసిన ముక్కకు అంచులు పదునుగా ఉంటాయి, పళ్ల గుర్తులు కూడా ఒక్కోసారి కనిపిస్తాయి. గోడ విరిగి పడిన ముక్కయితే పెద్దదిగా, పలకలా, పెచ్చులా ఉంటుంది. నా అరచేతిలో ఉన్నవి ఈ రెండూ కావు. అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి. వాటితో పాటు వేళ్లకు అంటుకునే బూడిదరంగు ముద్ద. ఎంతోసేపు పైపు కింద పడి నలిగి నలిగి, చివరికి బయటపడిన రాయి అది. అలా నలిగిన పొడి మడ్‌లో కలిసిపోతే ఏ స్క్రీనూ పట్టదు. మడ్ చిక్కబడుతుంది. దాన్ని పల్చన చేయడానికి మళ్లీ బేస్ ఆయిల్ ఖర్చు.

డ్రిల్లర్ క్యాబిన్‌కి వెళ్లి చార్ట్ చూశాను. లాగే బరువు చుక్కలు సాయంత్రం దాకా 0.22 గీత మీద ఉన్నవి, తర్వాత మెల్లగా జరిగి 0.30 గీతకు దగ్గరయ్యాయి. అడుగున ప్రెషర్ కొలిచే పరికరం పంపిన అంకె కూడా పెరిగింది. సన్నబడిన దారిలోంచి మడ్‌ని తోయాలంటే ఒత్తిడి పెరుగుతుంది కదా. షేకర్, చార్ట్, ప్రెషర్ మూడూ ఒకటే మాట చెబుతున్నాయి.

రిగ్ మీద చమురు కంపెనీ ప్రతినిధి అయిన కంపెనీ మ్యాన్‌ని నిద్ర లేపాం. స్కాట్లండ్ మనిషి, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. కేసింగ్ అనే ఉక్కు గొట్టాన్ని దించాల్సిన చోటు ఇంకో రెండొందల మీటర్ల దూరంలో ఉంది. తవ్వేసి, ఆఖర్లో ఒకేసారి శుభ్రం చేసుకుందామన్నది డ్రిల్లర్ వాదన. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. అయితే మేట ఉన్న బావిలో ఇంకో రెండొందల మీటర్లు తవ్వడమంటే, అదే మేట మీద ఇంకో ముప్పై ఏడు టన్నులు పోయడం. ఎప్పుడో కొత్త పైపు కలిపే ఒక కనెక్షన్ దగ్గర పంపు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు దారి మూసుకుపోతే, పైపు ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న పైపు రాకపోతే దాన్ని అక్కడే తెంపి, సిమెంటు పోసి, పక్క నుంచి కొత్త దారి తవ్వాలి. ఆయన బకెట్ లెక్కా, కడిగిన రాయీ చూసి, డ్రిల్లింగ్ ఆపమన్నాడు.

తర్వాత ఆరు గంటలు కొత్తగా ఒక్క మీటరు కూడా తవ్వలేదు. పంపులు నిమిషానికి 1,050 గ్యాలన్లు, పైపు 140 చుట్లు. బిట్ ఒకేచోట తిరిగితే అక్కడ గోడ తినేస్తుంది కాబట్టి, ఒక స్టాండ్ పొడుగునా పైకీ కిందికీ ఆడిస్తూనే ఉన్నారు. అడుగునున్న మడ్ పైకి రావడానికి ఆ బావిలో గంటన్నర. అదే ఒక విడత. మొదటి గంటన్నర పెద్దగా ఏమీ రాలేదు. డ్రిల్లర్ ఫోన్ చేసి "ఏదీ నీ రాయి?" అని అడిగాడు. మేట దిబ్బలు దిబ్బలుగా కదులుతుంది, మడ్ అంత వేగంగా రాదు. రెండో విడత సగంలో ఉండగా షేకర్లు మునిగిపోయాయి. స్క్రీన్ల మీది నుంచి మడ్ పొర్లి వస్తుంటే కుర్రాళ్లు పారలతో రాయి తోస్తూ, మధ్యలో స్క్రీన్లు మారుస్తూ, మోచేతుల దాకా నూనెలో నానిపోయారు. మూడో విడత కూడా తగ్గలేదు. నాలుగో విడతలో పల్చబడి, చివరికి స్క్రీన్లు దాదాపు ఖాళీ అయ్యాయి. లాగే బరువు మళ్లీ 0.22 గీత మీదికి వచ్చింది.

ఇక్కడ బయటివాళ్లకు తోచని ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఆయిల్ బేస్డ్ మడ్ అంటిన రాయిని సముద్రంలో వదలకూడదు. పెట్టెల్లో నింపి, క్రేన్‌తో పడవలోకి దించి, ఒడ్డుకు పంపాలి. గాలి పెరిగితే క్రేన్ ఆగుతుంది. క్రేన్ ఆగితే పెట్టెలు నిండిపోతాయి. పెట్టెలు నిండితే డ్రిల్లింగ్ ఆపాల్సిందే. బావి వేగం బిట్ చేతిలో లేక క్రేన్ ఆపరేటర్ చేతిలోకి వెళ్లిన రాత్రులు ఉన్నాయి. ఆ రోజు గాలి లేకపోవడం మా అదృష్టం.

కేసింగ్ చోటు దాకా తవ్వి, మళ్లీ శుభ్రం చేసి, పైపు బయటికి లాగుతున్నాం. ఒకచోట మామూలు కంటే పాతిక టన్నులు ఎక్కువ పట్టింది. ఇలాంటప్పుడు చేతికి తోచేది ఇంకాస్త లాగడం. పొడవాటి బావిలో దానికి మించిన ప్రమాదం లేదు, లాగేకొద్దీ మేట బిట్ వెనక గట్టిపడుతుంది. మేం రెండు స్టాండ్‌లు కిందికి దించి, అరగంట పంపు చేసి తిప్పి, మళ్లీ మెల్లగా లాగాం. అదే లోతులో పట్టి ఉంటే అది గోడలో ఉన్న మెట్టు, రాతి పొరల వ్యవహారం. ఈసారి ఎనభై మీటర్లు పైన పట్టింది. అంటే పట్టింది కదిలే మేట. ఇంకో విడత పంపు చేశాక పైపు జారుకుంటూ వచ్చేసింది. ఈ చిన్న పరీక్ష తెలియని డ్రిల్లర్లు, అడ్డు తగలగానే పంపు పెట్టి తిప్పుతూ వెనక్కి కోసుకుంటూ వచ్చేస్తారు. ఆ పద్ధతిలో మేట కరిగేదానికంటే వేగంగా బిట్ పైకొస్తే, పైపు వెనక్కి వస్తూనే ఇరుక్కుంటుంది. అలా పోయిన బావులు నేను చూశాను.

తొమ్మిదిన్నర అంగుళాలు దాటిన కేసింగ్‌ని, అంటే తొమ్మిదీ అయిదు బై ఎనిమిది అంగుళాల గొట్టాన్ని, అంత దూరం దించడం ఇంకో పరీక్ష. తిన్నగా పడుకున్న దారిలో దాని బరువే దానికి శత్రువు. అందుకని దాని కింది భాగాన్ని మడ్‌తో నింపకుండా గాలితో వదిలి, మధ్యలో అడ్డు బిగిస్తారు. గాలి నిండిన భాగం మడ్‌లో తేలి గోడను తేలిగ్గా తాకుతుంది. మడ్ నిండిన పై భాగం బరువు దాన్ని వెనక నుంచి తోస్తుంది. దారి శుభ్రంగా లేకపోతే ఈ ఏర్పాటు కూడా పనికిరాదు. తేలే గొట్టం ముందు మేట పోగై, చీపురు ముందు చెత్తలా తోసుకుంటూ వెళ్లి ఆగిపోతుంది. మాది ఆగలేదు.

ఎనిమిదిన్నర అంగుళాల సెక్షన్‌లో నా దిగులు వేరేది. మడ్ బరువు కోసం అందులో బరైటు పొడి కలుపుతాం. కోణం ఎక్కువున్న బావిలో మడ్ కదలకుండా ఉంటే బరైటు కింది గోడకు దిగి, అక్కడి నుంచి కిందికి జారుతుంది. వాలుగా ఉంచిన గొట్టంలో పొడి ఇంకా త్వరగా దిగుతుందని 1920లో ఇంగ్లండ్‌లో బాయ్‌కాట్ అనే వైద్యుడు రక్తం పరీక్షల్లో గమనించి రాశాడు. నూరేళ్ల తర్వాత కూడా మాకు ఆ సంగతి రోజూ కావాలి. బిట్ మార్చడానికి ఒకటిన్నర రోజు పట్టిన తర్వాత పంపు మొదలుపెడితే, నీటికి 1.26 రెట్లు బరువుండాల్సిన మడ్ మొదట 1.19 వచ్చింది. కాసేపయ్యాక 1.34 వచ్చింది. సగటు సరిగ్గానే ఉంది. బావికి సగటుతో పని లేదు. తేలిక మడ్ నిలువు భాగంలోకి వచ్చిన సమయంలో లోపలి గ్యాస్‌ని ఆపే బరువు తగ్గిపోతుంది. బరువైన మడ్ చదును భాగం దాటేటప్పుడు సున్నపురాయి పగుళ్లలోకి పారిపోతుంది. నెమ్మదిగా పంపు చేస్తూ, ప్రతి పదిహేను నిమిషాలకూ బరువు తూస్తూ, రెండు విడతలు తిప్పి సమం చేశాం.

మడ్ బరువు విషయంలో నాకు రాజీ లేదు. దానికి కారణం ఉంది. నేను కోనసీమలో పెరిగినవాణ్ని. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్లు మా ఊళ్లో దీపం పెట్టక్కర్లేకుండా ఆకాశం ఎర్రగా ఉండేది. ఆ మంట చూసి భయపడిన పిల్లల్లో నేనొకణ్ని. బావి లోపలి ఒత్తిడికి మొదటి కాపలా మడ్ బరువే అని చాలా ఏళ్ల తర్వాత, జాక్-అప్ రిగ్ మీద, మొదటి ఉద్యోగంలో తెలుసుకున్నాను. అప్పటి నుంచి మడ్ తూచే త్రాసు నేను ఎవరికీ అప్పగించను.

దిశ సంగతి డైరెక్షనల్ డ్రిల్లర్లు చూసుకుంటారు, నేను ఎక్కువ చెప్పను. పది కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తప్పితే బావి కొస 175 మీటర్లు పక్కకు పోతుంది. దిక్సూచి పరికరానికి పైనా కిందా ఉన్నది ఉక్కే కాబట్టి, అది ఇచ్చే అంకెను స్థానిక అయస్కాంత కొలతలతో సరిదిద్దుకుంటూ పోవాలి. ఆ అంకెలు పైకి వచ్చేది నా మడ్‌లోంచే, ఒత్తిడి తరంగాలుగా. మడ్ మరీ చిక్కనైతే, గాలి బుడగలు కలిస్తే, ఆ తరంగాలు దారిలోనే ఆరిపోతాయి. అప్పుడు వాళ్లు మా ల్యాబ్ తలుపు తడతారు.

ఆ బావి అనుకున్న కొసకు చేరింది. ఆఖరి గొట్టమైన లైనరును తిప్పుతూ దించి అడుగు దాకా చేర్చారు. అదే చోట తర్వాతి బావులకు ప్రోగ్రామ్ రాసేటప్పుడు, పన్నెండుంపావు సెక్షన్‌లో గంటకు 25 మీటర్లు మించకూడదని, ప్రతి రెండు గంటలకూ షేకర్ కింద బకెట్ పెట్టి తూచాలని, తూచిన అంకె డ్రిల్లర్ చార్ట్ మీదే పెట్టాలని చేర్చారు. ముమ్మిడివరం కుర్రాడికి ఆ తూకం బాధ్యత అప్పగించారు. తర్వాత అతన్ని అసిస్టెంట్ డెరిక్‌మన్‌ని చేశారు. డ్రిల్లర్లు మాత్రం మొదట్లో గొణిగారు. ముప్పై మీటర్లు కోయగల బిట్‌ని పాతికకు కట్టేస్తారా అని. రెండో బావిలో ఆ సెక్షన్ తవ్వడానికి ఎక్కువ గంటలే పట్టింది. పైపు బయటికి లాగడం ఒక్కసారి కూడా పంపు పెట్టకుండా అయిపోయింది, మొత్తం సెక్షన్ అనుకున్న తేదీ కంటే ముందే ముగిసింది. మూడో బావికి డ్రిల్లరే వచ్చి బకెట్ లెక్క ఎంతొచ్చిందని అడగడం మొదలుపెట్టాడు.